దొడ్డి గుమ్మం దగ్గర దగ్గు

ఆ రోజు నేను చేసిన తప్పు చూడ్డానికి చాలా అందంగా ఉంది. దళసరి తెల్ల అట్ట మీద, నల్ల మార్కరు పెన్నుతో, ముందే పెన్సిలు గీతలు గీసుకుని, ఒక్క అక్షరం కూడా పైకీ కిందకీ పోకుండా రాశాను. "పనివారు, డెలివరీ వారు లిఫ్టు ఉపయోగించరాదు. దయచేసి మెట్ల మార్గమున వెళ్లవలెను. ఇట్లు, కార్యదర్శి." అందులో 'దయచేసి' అన్న మాట ఒక్కటీ ఎర్ర సిరాతో రాశాను. ఆ ఒక్క మాటతో బోర్డు మొత్తానికీ మర్యాద వచ్చేసిందని నా నమ్మకం. మూలల్లో చిన్న లతలు కూడా వేద్దామనుకున్నాను గానీ, మా ఆవిడ వెనకనుంచి తొంగిచూసి "శుభలేఖ కాదు కదండీ" అనడంతో మానుకున్నాను.

మాది రాజమండ్రిలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. కింద కార్లు, పైన మనుషులు. నేను దానికి కార్యదర్శిని. ఎవరూ ఎన్నుకోలేదు, రిటైరయి ఇంట్లో కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ పదవి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పాను. "సమానత్వపు హక్కును వివరింపుము" అన్న పది మార్కుల ప్రశ్నకి ఎన్ని వేల జవాబులు దిద్దానో లెక్కలేదు. ఉదాహరణ రాయని పిల్లలకి రెండు మార్కులు నిర్దయగా కోసేసేవాణ్ణి. ఆ ఉదాహరణ చివరికి నేనే అయ్యాను.

అంతకుముందు ఆదివారం మీటింగులో ఎవరో లిఫ్టులో చెత్త బకెట్టు కారిందని చెప్పారు. కారిన మాట నిజమే. ఆ చుక్క అక్కడితో ఆగకుండా పాకుతూ పాకుతూ, పనివాళ్లంతా అసలు లిఫ్టే ఎక్కకూడదన్న తీర్మానం దాకా వెళ్లింది. మా ప్రెసిడెంటు సుబ్బరాజు గారు, భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసి ఇక్కడ ఫ్లాటు కొనుక్కున్నాయన, "ప్రింటింగ్ ఎందుకండీ, మాస్టారి రాత ఉండగా" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. తీర్మానం సంగతి నాకు ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది, కాదనను. కానీ ఆ క్షణాన నేను నోరు విప్పి అడిగింది మాత్రం అక్షరాలు నలుపులో రాయనా, నీలంలో రాయనా అని.

సోమవారం పొద్దున్న బోర్డు తగిలించి, దూరం నుంచి ఒకసారీ పక్కనుంచి ఒకసారీ చూసుకుని, లిఫ్టులోనే పైకొచ్చేశాను. కాసేపటికి పెరుగు ప్యాకెట్టు కోసం మళ్లీ బయల్దేరితే, లిఫ్టు మూడో అంతస్తులో ఆగిపోయి ఎంతకీ రావట్లేదు. సరేనని మెట్ల దారిన దిగాను. మూడో అంతస్తు మలుపులో సువార్తమ్మ మెట్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ కనిపించింది.

సువార్తమ్మ పన్నెండేళ్లుగా మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడుస్తుంది. మా ఎదురు ఫ్లాటులోనూ ఆవిడే, రెండో అంతస్తులో ఇంకో ఇంట్లోనూ ఆవిడే. ఆ మూడిళ్లే ఆవిడ బతుకుతెరువు. నాకంటే పదేళ్లు చిన్నది గానీ మోకాళ్లు మాత్రం నా మోకాళ్లకంటే పదేళ్లు పెద్దవి.

"ఏంటి సువార్తమ్మా, ఇక్కడ కూర్చున్నావు?" అన్నాను. అడక్కూడని ప్రశ్న.

"మోకాలు మాట వినట్లేదండి. రెండు నిమిషాలు కూర్చోబెడితే వింటది."

అక్కడితో నేను దిగిపోవలసింది. దిగలేదు. "బోర్డు చూశావా?" అన్నాను. ఎందుకడిగానో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. బహుశా రాత బాగుందంటుందని ఆశపడ్డానేమో.

"చూశానండి. చదివాను కూడా. మా బైబిల్లో అక్షరాలు చిన్నవండి, కళ్లజోడు కావాలి. మీవి కళ్లజోడు లేకుండానే చదివేశాను. ఎంత చక్కగా రాశారండి" అంది. మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. తర్వాత మోకాలి మీద చెయ్యి అలాగే ఉంచి, "మూడో ఫ్లోరు వాళ్ల కుక్కపిల్ల ఇప్పుడే లిఫ్టులో కిందికెళ్లిందండి. నన్ను చూసి తోకూపింది. పాపం, దానికి చదువు రాదు కదండి" అంది.

పెరుగు తేకుండానే వెనక్కి వచ్చేశాను. కుర్చీలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నాను. కాసేపటికి మా తలుపు బయట దగ్గు వినిపించింది. రోజూ బెల్లు కొట్టే సువార్తమ్మ, నాలుగంతస్తులు ఎక్కిన ఆయాసానికి, బెల్లు మీదకి చెయ్యెత్తే ఓపిక లేక, తలుపు దగ్గర నిలబడి దగ్గుతోంది. అంతే. మామూలు ఆయాసపు దగ్గు. ఆ దగ్గు నన్ను ఆ కుర్చీలోంచి లేపి, మండపేట నుంచి ద్రాక్షారామం వెళ్లే దారిలో కాలవ గట్టునున్న మా ఊళ్లో, మా పెంకుటింట్లో, మా నాయనమ్మ పీట పక్కన కూర్చోబెట్టింది.

మా ఇంటికి రెండు గుమ్మాలు. వీధి గుమ్మానికి పసుపు రాసి, ముగ్గు వేసి, శుక్రవారం శుక్రవారం మామిడాకులు కట్టేవారు. ఆ గుమ్మంలోంచి వచ్చేవి శుభలేఖలు, పంచాంగం అయ్యవారు, పోస్టుమాను, పెళ్లి సంబంధాలు, అప్పుడప్పుడూ కరణంగారు. అంటే, రాకపోయినా ఇల్లు నడిచిపోయేవన్నీ అటునుంచి వచ్చేవి. రాకపోతే ఇల్లు నడవనివన్నీ దొడ్డి గుమ్మం నుంచి వచ్చేవి. పాలు, వరిగడ్డి, కట్టెలు, కొబ్బరికాయలు, గోదాట్లో పట్టిన చేపలు, దంపిన బియ్యం, పురుడు పోయడానికి మంత్రసాని, ఊళ్లో కబుర్లు. మా ఇంట్లో పుట్టినవాళ్లమంతా దొడ్డి గుమ్మంలోంచి వచ్చిన చేతుల్లో పడే భూమ్మీదకొచ్చాం. ఆ సంగతి ఎవరూ అనుకునేవారు కాదు.

దొడ్డి వాసన నాకింకా ముక్కుల్లో ఉంది. కుడితి గోలెం పులిసిన వాసన, తడిసిన వరిగడ్డి, పక్కనే ఉప్పుడు ధాన్యం ఉడికే వాసన, దాని మీదుగా నాయనమ్మ నశ్యం ఘాటు. ఆవిడ పీట వేసుకు కూర్చునే చోటు కూడా ఆలోచించి పెట్టుకున్నదే. నడవాలో సరిగ్గా మధ్యన కూర్చుంటే ఎడమ పక్క వీధి గుమ్మం, కుడి పక్క దొడ్డి గుమ్మం రెండూ కనిపిస్తాయి. అక్కడ కూర్చుని కూరలు తరిగేది, పప్పు ఏరేది, నశ్యం పీల్చేది, మా అమ్మకి వంట చెప్పేది, మా నాన్నకి వ్యవసాయం చెప్పేది. వాళ్లిద్దరికీ అవి బాగానే వచ్చు.

దొడ్డి గుమ్మం దగ్గరికి వచ్చినవాళ్లు పేరు పెట్టి పిలవకూడదు. తలుపు కొట్టకూడదు. గుమ్మం దాటకూడదు. బయట నిలబడి దగ్గాలి. ఎవరు పెట్టారో తెలీదు ఆ పద్ధతి. ఎక్కడా రాసి లేదు. అందరికీ తెలుసు. ఒక్కొక్కరికి ఒక్కో దగ్గు. కొబ్బరి దింపు తీసే ఆయన గొంతులో ఏదో గీరుకున్నట్టు దగ్గేవాడు. చేపలామె దగ్గుకి చివర చిన్న మూలుగు ఉండేది. మా పాలేరు ఏసోబుది రెండు పొట్టి, ఒకటి పొడుగు. నాయనమ్మ చేతిలో వంకాయ చేతిలోనే ఉండేది, తల ఎత్తకుండానే చెప్పేసేది. "ఏసోబు వచ్చాడు, నీళ్ల వంతు గురించి అయ్యుంటుంది, నాన్నని పిలు." నీళ్ల వంతుకో దగ్గు, గేదె ఈనితే ఇంకో దగ్గు అని ఆవిడ వాదన. ఆ విద్య మీద ఆవిడకి చాలా గర్వం.

నేను ఆ దగ్గులన్నీ నేర్చుకున్నాను. ఏసోబు దగ్గయితే అచ్చుగుద్దినట్టు దిగేది. మధ్యాహ్నం పూట దొడ్డి గోడ వెనక నక్కి రెండు పొట్టి ఒకటి పొడుగు దగ్గితే, నాయనమ్మ "వస్తున్నానుండు" అంటూ చెంబుతో మజ్జిగ తెచ్చేది. దొడ్డిలోకి వచ్చినవాళ్లకి ఏదిచ్చినా పైనుంచి పొయ్యాలి, వాళ్లు దోసిలి పట్టాలి. నేను గోడ పక్కనుంచి దోసిలి ఒక్కటే ముందుకు చాపేవాణ్ణి. రెండు రోజులు సాగింది. మూడో రోజు, "ఏమిరా ఏసోబూ, నీ చేతులు ఇంత తెల్లబడ్డాయేమిటి" అని చెవి పట్టుకుంది. ఆ కథ విని ఏసోబు చాలా నవ్వాడు. "ఆయ్, బాబుగారు నాకంటే బాగా దగ్గుతున్నారండి. రేపట్నించి నా బదులు ఆయన్నే పంపేస్తానండి" అన్నాడు. అందరం నవ్వాం. మజ్జిగ దోసిట్లో ఎందుకు తాగాలో అప్పుడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నాకది సరదాగా ఉండేది. ఆట ముగిశాక నేను ఇంట్లోకెళ్లి గ్లాసుతో తాగుతాను కాబట్టి సరదాగా ఉండేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

నాయనమ్మ చెడ్డమనిషి అని నేను రాస్తే కళ్లు పోతాయి. ఏసోబు భార్యకి పురుడొచ్చినప్పుడు కాయం, నెయ్యి తనే చేయించి పంపింది. ఏసోబుకి జ్వరమొస్తే మా నాన్నని నిద్రపోనివ్వలేదు, డాక్టర్ని తెచ్చేదాకా. ఆవిడ మంచితనానికి హద్దు లేదు, గుమ్మం ఒక్కటే హద్దు. మనిషి మంచివాడైనంత మాత్రాన సరిపోదని ఆవిడ నాకు తెలియకుండానే నేర్పింది. ఆ పాఠం నేను పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు, సిలబస్‌లో లేదు.

ఏసోబు కూతురు రూతు నాతో పాటే అయిదో తరగతి చదివేది. లెక్కల్లో నాకంటే చురుకు. మధ్యాహ్నం వాళ్ల నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి మా దొడ్డికి వచ్చినప్పుడు తను దగ్గేది కాదు. పిల్ల కదా, ఇంకా పద్ధతి అంటలేదు. బయటనుంచే "సూరిబాబూ, మా నాన్నున్నాడా?" అని గట్టిగా కేకేసేది. నాయనమ్మ మొహం చిట్లించేది గానీ చిన్నపిల్ల అని ఊరుకునేది.

ఒక వానాకాలం, పొద్దున్నుంచీ వాన. బడి మధ్యలో వదిలేశారు. రూతూ నేనూ ఒకే గొడుగు కింద వచ్చాం. మా దొడ్డి దారిలో బోదె పొంగి మోకాలి లోతు నీళ్లు పారుతున్నాయి. రూతు చేతిలో క్యారేజీ. "ఇటు రా, వీధి గుమ్మంలోంచి వెళ్లిపోదాం" అన్నాను. "అటునుంచి రాకూడదంట కదా" అంది. "ఎవరూ చూడర్లే, రా" అన్నాను. చెయ్యి పట్టుకుని లాగాను కూడా. వసారా దాటి, నడవా దాటి, దొడ్డి గుమ్మంలోంచి పశువుల పాకలోకి వెళ్లిపోయాం. నాయనమ్మ పీట ఖాళీగా ఉంది. ఏసోబుకి క్యారేజీ ఇచ్చేశాం. లోకంలో ఏమీ జరగలేదు.

అయితే నున్నగా పాలిష్ పెట్టిన నల్ల గచ్చు మీద మా అడుగులు ఉండిపోయాయి. వీధి గుమ్మం నుంచి దొడ్డి గుమ్మం దాకా, రెండు జతలు, పక్కపక్కనే. నాయనమ్మ వచ్చి వాటి మొదట్లో నిలబడింది. అరవలేదు. ఆవిడ అరవకపోతేనే భయం.

"ఈ పిల్లని ఇటునుంచి ఎవరు తెచ్చారు?"

రూతు నా వైపు చూసింది. ఏసోబు పాకలోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మం బయట ఆగాడు. నేను గొడుగు మూస్తూ, గొడుగు కేసే చూస్తూ అన్నాను, "నాకు తెలీదు. నా వెనకాలే అదే వచ్చేసింది."

రూతు కాదనలేదు. ఏసోబే అన్నాడు, "బుద్ధుందా నీకు, ఎటుపడితే అటు వచ్చేస్తావా," అని కూతుర్ని నలుగురి ముందూ కసిరాడు. ఆ తిట్టు పిల్ల కోసం కాదు, నాయనమ్మ వినడం కోసం. పదేళ్ల రూతు బకెట్టుతో నీళ్లు పట్టుకుని, వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి దొడ్డి గుమ్మం దాకా వంగి వంగి కడిగింది. నడవా కడగడానికి మాత్రం ఆ పిల్ల లోపలికి రావచ్చన్నమాట. తన అడుగులూ కడిగింది, వాటి పక్కనున్న నా అడుగులూ కడిగింది. నేను మెట్టు మీద కూర్చుని చూశాను.

మర్నాడు మధ్యాహ్నం దొడ్డి గుమ్మం బయట దగ్గు వినిపించింది. సన్నగా, మొహమాటంగా, ఎలా దగ్గాలో సరిగ్గా తెలియని దగ్గు. నాయనమ్మ వంకాయ తరగడం ఆపి తలెత్తింది. "ఎవరబ్బా, ఇది కొత్త దగ్గు" అంది. జీవితంలో మొదటిసారి ఆవిడకి తెలీలేదు. నాకు తెలిసింది. రూతుకి జలుబు లేదు. ఆ పిల్ల మళ్లీ ఎప్పుడూ మా ఇంటి దగ్గర నన్ను పేరు పెట్టి పిలవలేదు.

తర్వాత రూతు టీచరు ట్రైనింగు చేసి, కొవ్వూరు వైపు పనిచేసి అక్కడే స్థిరపడిందని విన్నాను. నేను ఇవతలి ఒడ్డున అదే ఉద్యోగం చేశాను. కొవ్వూరికీ రాజమండ్రికీ మధ్య వంతెన మీద వంతెన కడుతూనే ఉన్నారు. నేను వాటి మీదుగా పెళ్లిళ్లకి వెళ్లాను, డాక్టరు దగ్గరికి వెళ్లాను. రూతు దగ్గర ఆ అబద్ధం ఒప్పుకునే ఒక్క పని మీద మాత్రం వెళ్లలేదు.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని ఆ సోమవారం పేపరు అడ్డం పెట్టుకుని చాలాసేపు లెక్క వేశాను. మారలేదని అంటే అబద్ధమే. ఏసోబు మనవలు ఉద్యోగాల్లో ఉన్నారు, మా ఊళ్లో ఇప్పుడు ఎవరూ ఎవరి గుమ్మం ముందూ దగ్గట్లేదు. నాయనమ్మ కాలంలో ఆ కట్టుబాటుకి బోర్డు అక్కర్లేదు, ఎవరి దారి ఏదో అందరి ఒంట్లోనూ ఉండేది. ఇప్పుడది ఒంట్లోంచి దిగిపోయింది కాబట్టే మాలాంటివాళ్లు అట్ట మీద రాసి తగిలించాల్సి వస్తోంది. చదువుకున్నాం కాబట్టి 'దయచేసి' అని చేర్చి, ఎర్ర సిరాతో రాస్తున్నాం. సమానత్వమంటే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఎవరో గేట్లెత్తితే కాలవల్లోంచి దానంతటది పారుకుంటూ వచ్చేదని నేను ముప్పై ఏళ్లు నమ్మాను. పిల్లలకీ అలాగే చెప్పాను. గేట్లు ఎప్పుడో ఎత్తారు. శివారు పొలానికి నీరు చేరకపోవడానికి కారణం మధ్యలో నాలాంటివాళ్లం తలా కాస్త మట్టి వేసి, ఎవరి చేనికి వాళ్లం అడ్డుకట్ట వేసుకోవడం. పైగా నా కట్ట మీద లతలు కూడా వేద్దామనుకున్నాను.

ఇంత తెలిశాక మనిషి ఏం చెయ్యాలి? బోర్డు తీసెయ్యాలి. నేనేం చేశానంటే, మర్నాటినుంచి నేను కూడా లిఫ్టు ఎక్కడం మానేశాను. ప్రాయశ్చిత్తం అనుకున్నాను. బోర్డు తీస్తే సుబ్బరాజు గారితో మాటపడాలి, మెట్లెక్కితే ఎవరితోనూ పడక్కర్లేదు. అరవై ఎనిమిదేళ్లవాణ్ణి, బీపీ మాత్ర జేబులో వేసుకుని, రోజుకి నాలుగుసార్లు నాలుగంతస్తులు ఎక్కాను. నాకు నేనే చాలా గొప్పగా కనిపించాను. "ఎవరికండీ ఈ శిక్ష?" అంది మా ఆవిడ, నాకు మంచినీళ్లిస్తూ. "నాకే" అన్నాను. "అలాగా, నీళ్లు తెచ్చివ్వలేక చస్తున్నది నేను కదా, నాకేమో అనుకున్నాను" అంది.

గురువారం రెండో అంతస్తు మలుపులో సువార్తమ్మా నేనూ ఒకే మెట్టు మీద కూర్చున్నాం. ఇద్దరికీ ఆయాసం.

"మీరెందుకండీ ఎక్కుతున్నారు? లిఫ్టు పాడైందా?"

"నువ్వెక్కుతున్నావు కదా, అందుకని నేనూ ఎక్కుతున్నాను."

"మీరెక్కితే నా మోకాలు నొప్పి తగ్గుద్దాండి?"

"తగ్గదు."

"మరైతే ఇద్దరం కుంటితే డాక్టరు గారికి తప్ప ఎవరికండి లాభం?" అని లేచి, రెయిలింగు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. నా గొప్పతనం అక్కడే ఆ మెట్టు మీద ఉండిపోయింది.

శుక్రవారం ఆవిడ రాలేదు. మా ఆవిడకి ఫోను చేసింది. "అమ్మగారూ, నాలుగో ఫ్లోరు ఇళ్లు రెండూ మానేస్తానండి. రెండో ఫ్లోరు ఒక్కటే చేసుకుంటాను. అక్కడిదాకా అయితే మోకాలు ఒప్పుకుంటది. ఏమీ అనుకోకండి." ఏమీ అనుకోవద్దని ఆవిడే మమ్మల్ని బతిమాలుతోంది. మూడిళ్ల మనిషి ఒక్క ఇంటి మనిషైపోయింది, నా అందమైన అక్షరాల వల్ల. మా ఆవిడ ఫోను పెట్టేసి, సింకు నిండా ఉన్న గిన్నెల వైపు చూసి, నా వైపు చూసి, "ఆ బోర్డు రాసిన చేత్తోనే ఇవి తోమండి" అంది. తోమాను. పప్పు గిన్నె అడుగున మాడు నా అంత మొండిది. అది గీకుతూ తేల్చుకున్నాను, మాటపడాలి తప్పదని.

శనివారం సాయంత్రం కింద కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేయించి అందర్నీ పిలిచాను. లేచి నిలబడి, తీర్మానం రద్దు చెయ్యాలన్నాను.

"అందరం కలిసి అనుకున్నదే కదండీ మాస్టారూ, వారం తిరక్కుండా ఇదేంటండీ?" అన్నారు సుబ్బరాజు గారు.

"అనుకున్నది అందరమేనండి, రాసింది నేను. తప్పు రాశాను. పన్నెండేళ్లుగా మన ఎంగిళ్లు కడుగుతున్నావిడ, ఆ బోర్డు వల్ల పని మానుకుంది."

"మరి చెత్త బకెట్టు కారితేనో?" అని ఎవరో అడిగారు.

"మూతున్న బకెట్టు కొందామండి."

"అందరితో కలిసి ఎక్కాలంటే ఇరుకు కదండీ" అన్నారు మూడో అంతస్తాయన.

"మీ కుక్కపిల్ల ఎక్కుతోంది కదండీ" అన్నాను.

"మా టామీకి మెట్లు అలవాటు లేదండి" అన్నారాయన చాలా నిజాయితీగా. అందరూ నవ్వారు. నవ్వయ్యాక మళ్లీ ఎవరి మొహాలు వాళ్లవే. ఒప్పుకునేలా లేరు. అప్పుడు నేను జేబులోంచి తాళాల గుత్తి తీసి ఖాళీ కుర్చీలో పెట్టాను. మోటారు గది తాళం, మీటర్ల గది తాళం, లిఫ్టు గది తాళం. "అయితే ఆ బోర్డు కింద 'ఇట్లు, కార్యదర్శి' అన్నది నేనై ఉండకూడదండి. కార్యదర్శి పని ఎవరు చేస్తారో ఇవి తీసుకోండి. తెల్లారకముందే లేచి మోటారు వెయ్యాలి, టాంకరు వాడితో పోట్లాడాలి" అన్నాను. అందరూ పైన బీటలు వారిన సీలింగు వైపు చూడసాగారు. సుబ్బరాజు గారు పెద్దగా నవ్వేశారు. "లోపల పెట్టండి మాస్టారూ. ఇంకో వంద ఎకరాల చెరువు చెయ్యమంటే చేస్తాను గానీ, ఆ మోటారు నా వల్ల కాదు. బోర్డు తీసెయ్యండి."

న్యాయం గెలిచిందని రాసుకోవాలని ఉంది గానీ, గెలిచింది మోటారు. ఎవరి మనసూ మారినట్టు నాకు కనిపించలేదు. మినిట్స్ పుస్తకంలో 'ఆ తీర్మానం తప్పు' అని రాస్తానంటే, 'ప్రస్తుతం అవసరం లేనందున' అని రాయమన్నారు. నేను తప్పు అనే రాశాను, ఎవరూ చదవరన్న ధైర్యంతో. కానీ ఆ రాత్రి నుంచే లిఫ్టు అందరిదీ అయింది. మనసులు మారేదాకా మోకాళ్లని ఆగమనడం ఏం న్యాయం? బోర్డుని మా ఆవిడ ముక్కలుగా కత్తిరించి వంటింటి అరలో డబ్బాల కింద వేసింది. పసుపు డబ్బా ఎత్తినప్పుడల్లా కింద ఎర్రగా 'దయచేసి' కనిపిస్తుంది.

సువార్తమ్మకి ఫోను చేసి రమ్మంటే సరిపోయేది. మా ఆవిడ అదే చెయ్యబోయింది, నేను వద్దన్నాను. ఆదివారం, చర్చి వదిలే వేళ దాటాక, సువార్తమ్మ ఇంటికి బయల్దేరాను. పన్నెండేళ్లలో ఆ ఇల్లెక్కడో నాకు తెలీదు, అడుగుతూ వెళ్లాను. చర్చి వెనక సందులో, గోడకి నీలం సున్నం వేసిన ఒంటి గది ఇల్లు. తలుపు తీసే ఉంది, పూల కర్టెను వేలాడుతోంది. లోపలినుంచి చేపల పులుసు వాసన.

గుమ్మం ముందు నిలబడ్డాక ఏం చెయ్యాలో తోచలేదు. బెల్లు లేదు. తీసున్న తలుపుని కొట్టలేను. "సువార్తమ్మా" అని వీధిలోంచి కేకేస్తే, పనిలోకి రమ్మని పిలిచినట్టుంటుంది. అలా నిలబడి నిలబడి, నాకు తెలియకుండానే దగ్గాను. రెండు పొట్టి, ఒకటి పొడుగు. అరవై ఏళ్ల నాటి దగ్గు, అచ్చుగుద్దినట్టు దిగింది.

"ఎవరండీ అది?" కర్టెను పక్కకి తొలిగింది. చర్చికి కట్టుకున్న తెల్ల చీర ఇంకా ఒంటి మీదే ఉంది, చేతిలో గరిటె. "మాస్టారు గారా. అక్కడ నిలబడి దగ్గుతారేంటండీ, జలుబు చేసిందా?"

"లేదు. బోర్డు తీసేశాం సువార్తమ్మా. నేను రాసింది తప్పు. ఆ రోజు మెట్ల మీద నిన్ను చూసి కూడా తియ్యకపోవడం ఇంకా తప్పు. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

ఆవిడ గరిటె చివర ఊగుతున్న పులుసు చుక్కకి చెయ్యి అడ్డుపెట్టి, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "రేపొద్దున్న వస్తాను లెండి. అంత మాట ఎండలో నిలబడి చెప్తారేంటండీ, లోపలికొచ్చి చెప్పండి."

చెప్పులు విప్పాను. ఒక కాలు ఎత్తి, మళ్లీ దించేశాను.

"ఇటునుంచి రావచ్చా?" అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ప్రశ్న.

సువార్తమ్మ నా వెనక వీధి వైపు, నా పక్కన గోడ వైపు, మళ్లీ నా వైపు చూసింది.

"ఇంకెటునుంచి వస్తారండీ? మా ఇంటికి ఒకటే గుమ్మం."